పక్క బ్లాకు కంప్యూటర్ ఎందుకు కనిపించలేదు?



గత నెల పేరెంట్స్ మీటింగ్ రోజు ఉదయం కొత్త బ్లాకు కౌంటర్ దగ్గర మీలో చాలామంది ప్రోగ్రెస్ కార్డుల కోసం ముప్పావు గంట నిలబడ్డారు. "సర్వర్ డౌన్ అయింది, కొంచెం ఆగండి సార్" అని మా వాళ్లు చెప్పారు. ఆ మాట నిజం కాదు. కావాలని చెప్పిన అబద్ధమూ కాదు. అసలు సంగతి ఏమిటో ఆ క్షణాన అక్కడ ఎవరికీ తెలియదు. సర్వర్ డౌన్ కాలేదు, కేబుల్ తెగలేదు, ఎవరూ ఏదీ పాడు చేయలేదు. ఆ రోజు ఏం జరిగిందో క్యాంపస్ ఐటీ విభాగం తరఫున చెబుతానని ప్రిన్సిపాల్ మేడమ్‌తో అన్నాను. మీలో సొంత ఆఫీసులు, క్లినిక్‌లు, షోరూములు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇదే చిక్కు అక్కడా వస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎస్ఏ-1 మార్కుల ఫోల్డర్ పాత బ్లాకులో ఎగ్జామ్ సెక్షన్ కంప్యూటర్‌లో ఉంటుంది. ఫ్రంట్ ఆఫీసు కూడా మొన్నటి దాకా పాత బ్లాకులోనే ఉండేది. మీటింగ్‌కి నాలుగు రోజుల ముందే కొత్త బ్లాకులోకి మారింది. శనివారం ఉదయం ఫ్రంట్ ఆఫీసు మేడమ్ ఎప్పటిలాగే తెర మీద 'నెట్‌వర్క్' ఐకాన్ తెరిచారు. కొత్త బ్లాకు కంప్యూటర్లన్నీ వరుసగా కనిపించాయి. ఎగ్జామ్ సెక్షన్ కంప్యూటర్ లేదు. అక్కడికి ఫోన్ చేస్తే, "మా సిస్టమ్ బాగానే ఉంది మేడమ్, పక్క సీటు వాళ్లకి కనిపిస్తోంది కదా" అన్నారు. ఇంటర్నెట్ రెండు చోట్లా చక్కగా వస్తోంది. ఇక మిగిలింది సర్వర్ డౌన్ అనే మాట ఒక్కటే.

పాత బ్లాకు కంప్యూటర్ల చిరునామాలన్నీ 192.168.1తో మొదలవుతాయి, కొత్త బ్లాకువి 192.168.2తో. ప్రతి కంప్యూటర్‌కీ చిరునామాతో పాటు మాస్క్ అని ఇంకో అంకె ఉంటుంది. మాస్క్ 255.255.255.0 అయితే మొదటి మూడు అంకెలు వీధి పేరు, నాలుగోది ఇంటి నంబరు అని అర్థం. అలాంటి ఒక వీధిలో 254 ఇళ్లు పడతాయి. ఇలాంటి వీధినే సబ్‌నెట్ అంటాం. ఒకే వీధిలో ఉన్న కంప్యూటర్లు నేరుగా మాట్లాడుకుంటాయి. పక్క వీధికి వెళ్లాలంటే రౌటర్ గుండా వెళ్లాలి. వీధి చివర ఉండే ఆ ద్వారానికి గేట్‌వే అని పేరు.

అయితే 'నెట్‌వర్క్' ఐకాన్‌లో పేర్లు ఎలా వస్తాయి? చాలామంది ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటినీ విండోస్ వెతికి చూపిస్తుందని అనుకుంటారు. అలా జరగదు. పూర్వం ఊళ్లలో చాటింపు వేసేవారు, గుర్తుందా? డప్పు కొట్టి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని. కంప్యూటర్లదీ అదే పద్ధతి. ఆన్ అయిన కంప్యూటర్ "నేను ఫలానా, ఇక్కడున్నాను" అని చాటుతుంది. దాన్ని విన్నవాళ్ల తెర మీద పేరు వస్తుంది. ఆ డప్పు చప్పుడు పొలిమేర దాటదు. రౌటర్ ఉత్తరాలను పక్క వీధికి చేరవేస్తుంది గానీ చాటింపును మోసుకెళ్లదు. మోసుకెళ్తే ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్ చాటింపూ మన ఇంట్లో వినబడి, అసలు పని ఒక్కటీ జరగదు.

పాత విండోస్‌లలో ఈ పద్ధతి ఇంకా ముచ్చటగా ఉండేది. ఒక్కో సబ్‌నెట్‌లోని కంప్యూటర్లు తమలో తాము ఎన్నిక పెట్టుకుని ఒకదాన్ని మాస్టర్ బ్రౌజర్‌గా ఎన్నుకునేవి. ఊరికి కరణం లాంటిది అది. ఎవరెవరు ఉన్నారో చిట్టా రాసుకోవడమే దాని పని. ప్రతి కంప్యూటర్ సుమారు 12 నిమిషాలకోసారి హాజరు చెప్పుకునేది. మూడుసార్లు చెప్పకపోతే పేరు కొట్టేసేవారు. అందుకే కరెంటు పోయి హఠాత్తుగా ఆగిపోయిన కంప్యూటర్ పేరు కూడా అరగంటకు పైగా జాబితాలో ఉండిపోయేది. "కనిపిస్తోంది గానీ తెరుచుకోవడం లేదు" అని అప్పట్లో ఎన్ని ఫోన్లు వచ్చేవో! డొమైన్ పెట్టుకున్న పెద్ద ఆఫీసుల్లో వీళ్లందరి పైనా ఒక పెద్ద కరణం ఉండి, అన్ని సబ్‌నెట్ల చిట్టాలనూ కలిపి తిరిగి పంచేవాడు. కాబట్టి అక్కడ పక్క బ్లాకు కంప్యూటర్లు కూడా కనిపించేవి. డొమైన్ లేకుండా వర్క్‌గ్రూప్‌తో నడిపే చిన్న ఆఫీసుల్లో ఆ పెద్ద కరణం లేడు. ఏ వీధి చిట్టా ఆ వీధికే.

మన రాష్ట్రంలో కరణాల వ్యవస్థ 1984లో పోయింది. కంప్యూటర్లలో ఈ కరణం 2017లో పోయాడు. ఆ మాస్టర్ బ్రౌజర్ పద్ధతి ఎస్ఎంబీ-1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి మీద ఆధారపడి నడిచేది. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి, కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా పెట్టడం మానేసింది. ఇప్పుడు డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే వేరే పద్ధతి ఉంది. అదీ చాటింపే. 239.255.255.250 అనే ఉమ్మడి చిరునామాకు కేక వేస్తుంది, ఆ కేక కూడా సబ్‌నెట్ దాటదు. మొత్తానికి డప్పు మారింది, పొలిమేర అక్కడే ఉంది.

ఇంతకీ ఇక్కడ మూడు వేర్వేరు సంగతులున్నాయి. పక్క కంప్యూటర్ కనిపించడం ఒకటి. దాని దాకా దారి ఉండడం ఇంకొకటి. తలుపు తీయడానికి అనుమతి ఉండడం మూడోది. ఆ రోజు కౌంటర్ దగ్గర అందరం ఈ మూడింటినీ కలిపేసి ఒక్కటే అనుకున్నాం.

ఆ ముప్పావు గంటలో వచ్చిన మూడు సలహాలు

నేను పాత బ్లాకు నుంచి వచ్చేసరికే కౌంటర్ చుట్టూ సలహాలు మొదలయ్యాయి. వాటి గురించి ముందు చెప్పాలి. ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మొదటిది: "ఎగ్జామ్ సెక్షన్ కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ ఆఫ్ చేసేయండి, అదే పని చేస్తుంది." నిజమే, పని చేసేది. అదే దానితో చిక్కు. పని చేసింది కాబట్టి ఇక ఎవరూ మళ్లీ ఆన్ చేయరు. మా కొత్త బ్లాకు సబ్‌నెట్‌లో ఫ్రంట్ ఆఫీసు ఒక్కటే లేదు, పిల్లల కంప్యూటర్ ల్యాబ్ కూడా అందులోనే ఉంది. ఫైర్‌వాల్ తీసేస్తే ఆ ల్యాబ్‌లోని ప్రతి కంప్యూటర్‌కీ ఎగ్జామ్ సెక్షన్ దాకా అడ్డులేని దారి ఏర్పడుతుంది. ఆ కంప్యూటర్‌లో మార్కులతో పాటు మీ ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్స్‌ల స్కాన్‌లు, టీసీల కాపీలు ఉన్నాయి.

రెండోది: "ఎస్ఎంబీ-1 ఆన్ చేస్తే నెట్‌వర్క్‌లో కనిపిస్తుందట, వీడియోలో చూశాను." ఇది నిజంగానే ఎన్నో వీడియోల్లో ఉంది. మొదట చెప్పాల్సింది, మా విషయంలో అది పనికే రాదు. ఆ పాత కరణాన్ని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టినా అతని చిట్టా అతని సబ్‌నెట్‌కే పరిమితం. రెండోది ఇంకా ముఖ్యం. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకింది ఈ ఎస్ఎంబీ-1లోని లోపం గుండానే. ఎవరూ ఏ ఫైలూ నొక్కకుండానే పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగేది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయని కూడా అప్పట్లో పత్రికల్లో చదివాం. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు. ఒక ఐకాన్ కనిపించడం కోసం అలాంటి పాత తలుపును మళ్లీ తెరవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మూడోది కాస్త తెలిసినవాళ్లు ఇచ్చిన సలహా: "మాస్క్‌ను 255.255.0.0గా మార్చండి, రెండు బ్లాకులూ ఒకటే అయిపోతాయి." నేను వచ్చేలోపే ఒక కంప్యూటర్‌లో అలా మార్చేశారు కూడా. ఏమైందో చూడండి. మాస్క్ మార్చగానే ఆ కంప్యూటర్ 192.168తో మొదలయ్యేవన్నీ తన వీధిలోనే ఉన్నాయనుకుంది. ఎగ్జామ్ సెక్షన్ పక్కింట్లోనే ఉందనుకుని, గేట్‌వే దగ్గరికి వెళ్లకుండా గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. ఆ ఇల్లు ఉన్నది పక్క వీధిలో. పిలుపు అక్కడికి చేరదు, జవాబు రాదు. అంతకుముందు కనీసం దారి ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. పైగా ఇంటర్నెట్ మామూలుగానే వస్తుంది కాబట్టి తప్పు ఇక్కడుందని ఎవరికీ అనుమానం రాదు. ముందు దాన్ని తిరిగి 255.255.255.0 చేశాను.

వెతికిన వరుస

ఐకాన్ సంగతి పక్కన పెట్టి, దారి ఉందా లేదా అన్నది మొదట చూశాను. నల్ల కిటికీ తెరిచి ఐపీకాన్‌ఫిగ్ అని కొడితే మన కంప్యూటర్ చిరునామా, మాస్క్, గేట్‌వే మూడూ కనిపిస్తాయి. మూడూ సరిగానే ఉన్నాయి. తర్వాత పింగ్. ఇది "ఉన్నారా?" అని తలుపు తట్టడం లాంటిది. మా వైపు గేట్‌వే 192.168.2.1 పలికింది. రౌటర్‌కు అవతలి వైపున్న 192.168.1.1 కూడా పలికింది. ఎగ్జామ్ సెక్షన్ కంప్యూటర్ 192.168.1.20 మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. పింగ్‌కు జవాబు రాలేదు కాబట్టి దారి లేదని తీర్మానించి, రౌటర్‌ను ఆపి ఆన్ చేస్తారు, కేబుళ్లు పీకి పెడతారు. నేను పాత బ్లాకు స్టాఫ్ రూమ్‌లోని ప్రింటర్‌కు పింగ్ చేశాను. వెంటనే జవాబు వచ్చింది. అంటే పాత బ్లాకు దాకా దారి శుభ్రంగా ఉంది. ఎగ్జామ్ సెక్షన్ కంప్యూటరే తలుపు తీయడం లేదు.

డొమైన్ లేని కంప్యూటర్లలో విండోస్ ఫైర్‌వాల్‌కు ఒక అలవాటు ఉంది. ఫైల్ షేరింగ్‌ను అనుమతించమని మనం చెప్పినా, "సొంత సబ్‌నెట్ వాళ్లకు మాత్రమే" అనే షరతు దానంతట అదే పెట్టుకుంటుంది. పింగ్‌కు కూడా అదే షరతు. అందుకే పక్క సీటు వాళ్లకు తెరుచుకున్న ఫోల్డర్ పక్క బ్లాకుకు తెరుచుకోలేదు. మీ ఆఫీసులో "ఈ గదిలో వస్తుంది, పై అంతస్తులో రాదు" అనే ఫిర్యాదు ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. కంప్యూటర్ కాకుండా ప్రింటరో, ఫైళ్లు దాచే పెట్టెనో అయితే ఇంకో అనుమానం ఉంది. వాటికి చిరునామా చేత్తో ఇచ్చి, గేట్‌వే ఖాళీగా వదిలేస్తుంటారు. అప్పుడు మన ఉత్తరం వాటికి చేరుతుంది, తిరుగు ఉత్తరం ఎటు పంపాలో వాటికి తెలియదు.

ఫైర్‌వాల్ ఆఫ్ చేయలేదు. ఫైల్ షేరింగ్ నియమంలో, 445 నంబరు ద్వారానికి, ఫ్రంట్ ఆఫీసులోని రెండు కంప్యూటర్ల చిరునామాలు మాత్రం చేర్చాను. ఆ రెండింటికీ చిరునామా మారకుండా రౌటర్‌లో కట్టేశాను. తర్వాత ఐకాన్‌లో వెతకకుండా, ఫోల్డర్ పైన ఉండే పట్టీలో నేరుగా \\192.168.1.20 అని కొట్టాం. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాం, మార్కుల ఫోల్డర్ తెరుచుకుంది. మొదటి కార్డు ప్రింటర్ నుంచి వచ్చేసరికి 10 దాటింది.

అంకెలు గుర్తు పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే కదా. పేరు కొడితే మాత్రం తెరుచుకోలేదు, ఎందుకంటే చిన్న నెట్‌వర్క్‌లలో పేరుకు చిరునామా కనుక్కోవడం కూడా చాటింపు మీదే నడుస్తుంది. దానికి మందు డీఎన్ఎస్, అంటే పేర్లు, చిరునామాలు రాసిపెట్టుకునే పుస్తకం. సోమవారం మా రౌటర్‌లోని ఆ పుస్తకంలో ఎగ్జామ్ సెక్షన్ కంప్యూటర్ పేరు రాసి, ఫ్రంట్ ఆఫీసు కంప్యూటర్లలో ఆ ఫోల్డర్‌ను ఒక డ్రైవ్‌లా తగిలించాం. ఇప్పుడు వాళ్లు సీ, డీ డ్రైవ్‌ల పక్కనే దాన్ని తెరుస్తున్నారు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఫ్రంట్ ఆఫీసు, పిల్లల ల్యాబ్ ఒకే సబ్‌నెట్‌లో ఉండడం మా పొరపాటు. హడావుడిగా మారినప్పుడు ఖాళీగా ఉన్న పాయింట్లకు వైర్లు తగిలించేశాం. ఐకాన్‌లో కనిపించడం లేదు కాబట్టి పిల్లలు ఎగ్జామ్ సెక్షన్ జోలికి పోలేరని అనుకుంటే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. కనిపించకపోవడం తాళం కాదు. తొమ్మిదో తరగతి కుర్రాడికి చిరునామా తెలిస్తే నేను కొట్టినట్టే తనూ కొట్టగలడు, ల్యాబ్ కంప్యూటర్‌కు ఫ్రంట్ ఆఫీసు చిరునామా పెట్టుకోవడం కూడా పెద్ద విద్యేమీ కాదు. ప్రస్తుతానికి మిగిలిన అడ్డు పాస్‌వర్డ్ ఒక్కటే. దాన్ని ఆ సోమవారమే మార్చి, ముగ్గురికే ఇచ్చాం. ల్యాబ్‌ను 192.168.3తో మొదలయ్యే వేరే సబ్‌నెట్‌లోకి మార్చి, అక్కడి నుంచి ఆఫీసు వైపు దారిని రౌటర్ దగ్గరే మూసేసే పని వచ్చే సెలవుల్లో పెట్టుకున్నాం.

మీ ఇంట్లో, మీ ఆఫీసులో

మీటింగ్ రోజు ఈ సంగతి మాట్లాడుకుంటుంటే ఒక నాన్నగారు అడిగారు: "మా ఇంట్లో పై అంతస్తు లాప్‌టాప్ నుంచి కింద ప్రింటర్‌కి ప్రింట్ పోతుంది. కింది కంప్యూటర్ నుంచి పైన ఉన్న ఫైళ్లు మాత్రం తెరుచుకోవు. ఎందుకు?" ఇది రెండు రౌటర్ల ఇంటి కథ. కింద ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ ఉంటుంది, పైన సిగ్నల్ అందడం లేదని ఇంకోటి కొని, కింది నుంచి వచ్చే వైరును దాని ఇంటర్నెట్ రంధ్రంలో పెడతాం. అప్పుడు పై రౌటర్ తన వెనక వేరే సబ్‌నెట్ పెట్టేస్తుంది. పై నుంచి కిందికి మాట వెళ్తుంది. కింది నుంచి పైకి వెళ్లాలంటే ఆ రౌటర్ ఎవరినీ లోపలికి రానివ్వదు. ఇంట్లో ఇలాంటి రెండు వీధులు అవసరం లేదు. పై రౌటర్ సెట్టింగ్‌లలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే దాని చిరునామాను కింది రౌటర్ వీధిలోనే ఎవరూ వాడని నంబరుకు మార్చి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, వైరును ఇంటర్నెట్ రంధ్రం నుంచి తీసి మామూలు ల్యాన్ రంధ్రంలో పెట్టండి. మొత్తం ఇల్లు ఒకే సబ్‌నెట్ అవుతుంది, ఐకాన్‌లు కూడా కనిపిస్తాయి.

ఫోన్‌కు ప్రింటర్ దొరకడం లేదంటే ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో ఒకసారి చూడండి. గెస్ట్ వైఫై ఉన్నదే ఇంట్లోని మిగతా వాటికి దూరంగా ఉంచడానికి. లాప్‌టాప్‌లో మీ ఇంటి వైఫై 'పబ్లిక్' అని నమోదై ఉన్నా చాటింపు ఆగిపోతుంది, దాన్ని 'ప్రైవేట్'గా మార్చుకోవాలి. బస్టాండు, హోటల్ వైఫైకి మాత్రం ఎప్పుడూ పబ్లిక్కే.

రెండు ఊళ్లలో ఆఫీసులున్నవాళ్లు వాటిని వీపీఎన్‌తో కలుపుతారు. అక్కడ ఐకాన్‌లలో అవతలి ఊరు కనిపించదని దిగులు పడకండి, పేరుతోనో చిరునామాతోనో తెరవండి. రెండు చోట్లా రౌటర్ కొన్నప్పటి 192.168.1నే వదిలేసి ఉంటే మాత్రం, ఒకే పేరుతో రెండు వీధులున్నట్టే. ఉత్తరం ఏ వీధికి పంపాలో రౌటర్ తేల్చుకోలేదు. కలిపే ముందే ఒక చోట అంకె మార్చండి. ఇంకొక మాట. ఇంటి నుంచి ఆఫీసు ఫైళ్లు తెరవడానికి 445 ద్వారాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరుస్తామని ఎవరైనా అంటే, ఎంత తెలిసినవాళ్లయినా ఒప్పుకోకండి.

మన ఫ్రంట్ ఆఫీసులో ఈ రోజుకీ 'నెట్‌వర్క్' ఐకాన్ తెరిస్తే ఎగ్జామ్ సెక్షన్ కంప్యూటర్ కనిపించదు. దాన్ని అలాగే వదిలేశాం. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి ప్రోగ్రెస్ కార్డులు మాత్రం శుక్రవారం సాయంత్రమే ప్రింట్ తీసి, తరగతుల వారీగా కవర్లలో పెట్టి ఉంచుతున్నాం.